నక్షా భాయ్ మొండి డబ్బా

నక్షా భాయ్ పోయిన మూడో రోజు వాళ్లింటికి జియారత్‌కు వెళ్లాను. ప్రార్థనలయ్యాక ఆయన కూతురు నన్ను లోపలి గదిలోకి పిలిచింది. మంచం కింద నుంచి నల్లటి డబ్బా ఒకటి లాగి నా ముందు పెట్టింది. నాలుగు మూలలా మందపాటి రబ్బరు, పైన మోసుకుపోవడానికి పిడి, మూత తెరవాలంటే రెండు బొటనవేళ్లతో నొక్కాల్సిన కొక్కేలు. తెలియనివాళ్లు కరెంటు మేస్త్రీ పనిముట్ల పెట్టె అనుకుంటారు. అది లాప్‌టాప్.

"చాచా, గింత పైస పోసి కొన్నడు అబ్బా. కొన్నంక ఒక్కటంటే ఒక్క ఇంటికి తీస్కపోయిండు. నువ్వు కంప్యూటర్ ఆఫీసర్‌గ చేసినవ్ గద, నువ్వే చెప్పు. పెట్టిన పైస వసూలైనట్టా, కానట్టా?"

ఆ అమ్మాయి బడిలో లెక్కలు చెబుతుంది. ఆమెకు జవాబు అంటే అవును, కాదు, ఈ రెంటిలో ఒకటి కావాలి. "ఆలోచించి చెప్తా బేటీ" అని చెప్పులు వెతుక్కుని బయటపడ్డాను. మూడు వారాలైంది. ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆయన పేరు రాయను. బతికుండగానే ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఇళ్లు కొలిచి నక్షా గీసేవాడు కాబట్టి నక్షా భాయ్. తండ్రులు పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకోవాలంటే ఆయన్ను పిలవాల్సిందే. పాతబస్తీలో ఆయన టేపు తగలని గోడ లేదు. చార్మినార్‌ను నలుగురు వారసులు పంచుకోవాల్సి వచ్చినా, మనిషికో మినార్ అని తేల్చి మధ్యలో మెట్ల దగ్గర ఆగిపోయేవాడు. సరే, ఇది కొంచెం ఎక్కువైంది. మా నాలుగైదు గల్లీలు, పురానాపూల్ వైపు ఇంకో పదిహేను ఇళ్లు. అంతే.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదురుగా ఉన్నదాన్ని జానతో కొలవడం ఆయనకు అలవాటు. హోటల్లో చాయ్ వచ్చేలోపు ఆ బల్ల ఎన్ని జానలో తేలిపోయేది. గోడ కనిపిస్తే వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఒకసారి మా ఇంట్లో నేను నా ఉద్యోగం రోజుల గొప్పలు చెబుతుంటే మధ్యలో లేచి వెళ్లి గోడను టకటకమని కొట్టాడు.

"అన్నా, లోపల బోలు ఉన్నది" అన్నాడు.

గోడ గురించే అన్నాడని చాలా ఏళ్లు నమ్మాను.

లాప్‌టాప్‌ను ఆయన తువ్వాలులో చుట్టేవాడు. దాని మీద దస్తర్‌ఖాన్ చుట్టేవాడు, వాళ్లింట్లో నేల మీద పరిచి భోజనాలు వడ్డించే రెగ్జిన్ గుడ్డ. ఎవరింటి వాకిట్లోనైనా ఆ గుడ్డ విప్పి పరవగానే పిల్లలు చేతులు కడుక్కుని వరుసగా వచ్చి కూర్చునేవాళ్లు. ఆయన వాళ్లను లేవనిచ్చేవాడు కాదు, జేబులోంచి తలా ఒక పిప్పరమెంటు తీసి పెట్టేవాడు. తర్వాత, సాసర్లో చాయ్ ఊదినట్టు, కీబోర్డును కాసేపు ఊదేవాడు. పాత ఇళ్ల సున్నం అంతా ఆ మీటల కిందే ఉండేది. ఏడు అంకె మీద టోపీ ఊడిపోయింది. ఏడు కొట్టాలంటే చెవి వెనక నుంచి అగ్గిపుల్ల తీసి దాంతో గుచ్చేవాడు.

ఇవన్నీ చూసి నవ్వుకోవచ్చు. ఆయన పని పద్ధతి దగ్గర మాత్రం నవ్వడానికి లేదు.

టేపు ఒక కొన ఒక వాటాదారు పట్టుకోవాలి, రెండో కొన ఇంకొకరు. ఎర్ర చుక్క వేసి దూరం చెప్పే చిన్న మిషన్ ఆయన దగ్గరా ఉంది. బయటికి తీసేవాడు కాదు. "ఆ చుక్కను ఎవ్వడు పట్టుకుంటడు?" అనేవాడు. పట్టుకున్నవాళ్లే అంకె చదవాలి, బిగ్గరగా. ఆయన తిరిగి చెప్పి, అప్పుడే అక్కడే అందరి ముందూ గీత గీసేవాడు. కాగితం మీద రాసుకుని ఇంటికి వెళ్లి గీయడం మానేసి చాలా కాలమైంది. అట్లా చేసిన రోజుల్లో, పెద్దన్న పంపిన బిర్యానీ తిని తెల్లారేసరికి గోడను అరడుగు జరిపాడని ఒక ఇంట్లో అన్నారట. ఆ మాట ఆయనకు జీవితాంతం అరగలేదు.

ఇంకొకటి. అందరూ సరే అనేదాకా సేవ్ చేసేవాడు కాదు. మిషన్ దానంతటదే దాచుకునే ఏర్పాటును కూడా ఎవరితోనో ఆపించాడు. అన్ని గీతలూ అయ్యాక వాటాదారులను పిలిచి, మౌస్ మీద ఒకరి చెయ్యి, దాని మీద ఇంకొకరి చెయ్యి పెట్టించి, అందరి బరువుతో నొక్కించేవాడు. "నా జేబుల ఏం లేదు. మీ చేతులల్ల ఉన్నది" అనేవాడు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ముల చేతులు అట్లా ఒకదాని మీద ఒకటి పడటం నేను చూశాను. ఒకాయన ఏడ్చాడు. అంటే, ముక్కు చీదాడు. జలుబేమో కూడా.

కానీ దీని అర్థం ఏమిటంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ఇంటి పంపకం మొత్తం ఆ మిషన్ నోట్లో మింగని ముద్దలా ఉండేది. అది ఆగిపోతే అంతా పోయినట్టే. అది ఉండేదేమో కూలిపోతున్న కప్పుల కింద, పావురాల రెట్టల్లో, మేకల మధ్య. ఆయనవి పన్నెండు లాప్‌టాప్‌లు పగిలాయని హోటల్లో చెబుతుంటాను. అప్పటికి మూడు. ఒకటి స్కూటర్ మీద నుంచి జారింది, ఒకదాన్ని మేక తొక్కింది, ఒకదాని మీద కప్పు సున్నం పెళ్లలా ఊడి పడింది. మూడోది పోయాక ఎవరో చెప్పారు, కింద పడినా, తడిసినా, దుమ్ము పట్టినా పగలని రకం లాప్‌టాప్ ఉందని. కంపెనీలవాళ్లు రగ్గెడ్ అంటారు. నక్షా భాయ్ దానికి మొండి డబ్బా అని పేరు పెట్టాడు. ఇక మొదలైంది.

మూడు వర్షాకాలాలు. నా ముసలితనంలో మూడు వర్షాకాలాలు ఆ డబ్బా కొనాలా వద్దా అనే దాని కిందే తడిసిపోయాయి. రోజూ సాయంత్రం గల్లీ మొగదల హోటల్లో అదే లొల్లి.

"నాలుగు మామూలువి వస్తయ్ అన్నా, గీ ఒక్కదాని పైసకు. అంటే నాలుగు పగిలేదాంక నేను బతకాలె, అప్పుడు బరాబర్ అయితది. ఒక్కోటి మూడేండ్లు వేస్కో. పన్నెండేండ్లు. నాకిప్పుడు అరవై ఎనిమిది."

"బతుకుతవ్ లే భాయ్."

"బతికితె సరే. నడుమల పోతే లాసే గద!"

"నడుమల పోయినోనికి లాసేంది?"

"హౌ, గదీ నిజమే" అని చాయ్ ఊదుకునేవాడు. మళ్లీ మొదటికి వచ్చేవాడు. "బరువు మస్తున్నదట."

"మోసేది బండి, నువ్వు కాదు."

"మెట్లెక్కేది బండి కాదు గద. పోనీ అంటే, ఎండల గూడ స్క్రీన్ సాఫ్‌గ కనబడ్తదట."

"మంచిదే గద."

"అంతసేపు ఎండల కూసుంటే నేను కనబడను."

ఒకరోజు కొనాలనేవాడు. నేను హుషారుగా లేచి చెప్పులు తొడుక్కునేలోపు వద్దనేవాడు. దెబ్బలకు ఓర్చుకుంటది గానీ పని నిదానంగా చేస్తదట, ఆ మాత్రానికి నేను లేనా అనేవాడు. చాయ్ కప్పు ఆయన నెత్తిన బోర్లించాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. ఒకసారి బోర్లించాను కూడా. లేదు, బోర్లించలేదు. కప్పు పట్టుకుని లేచాను, ఆయన నా కప్పు కూడా జానతో కొలవబోయాడు, కూర్చున్నాను.

చివరికి నేనే పట్టుబట్టి మూసీ అవతల కంప్యూటర్ బజారుకు లాక్కుపోయాను. అక్కడ టై కట్టుకున్న సేల్స్‌మన్ మాకు వీడియో చూపించాడు. లాప్‌టాప్‌ను మేడ మీద నుంచి వేశారు, బకెట్‌తో నీళ్లు పోశారు, మట్టిలో దొర్లించారు. అది లేచి దుమ్ము దులుపుకున్నట్టు మళ్లీ వెలిగింది.

"మస్తున్నది" అన్నాడు నక్షా భాయ్. "ఇగ దీన్ని పడెయ్యి."

"సర్?"

"ఆడ వీడియోల పడ్డది అది. నాకిచ్చేది ఇది. ఇది పడుతదా లేదా నాకెట్ల తెలుస్తది? జర పడెయ్యి."

"సర్, డెమో పీస్ పడేయకూడదు. కొన్నాక మీ ఇష్టం."

"కొన్నంక పగిలితే?"

"పగలదు సర్. ఇంకా కావాలంటే, పగిలితే కట్టిచ్చే ప్లాన్ వేరే ఉంది, కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది."

నక్షా భాయ్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. "పగలదని గింత పైస. పగిలితె అని ఇంకింత పైస. నువ్వు రెండు దిక్కుల కూసున్నవ్ బేటా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు చెప్పు. నువ్వు ఏమంటె అది."

నేను ముఖం గంభీరంగా పెట్టాను. ఆ లాప్‌టాప్‌ను తిరగేసి చూశాను, మూత తీసి వేశాను, వాసన కూడా చూశాను. "భాయ్, ఇరవై ఏండ్ల అనుభవంతోటి చెప్తున్న. మిషన్‌కు గట్టితనం అక్కర్లేదు. కవర్ కావాలె. మంచి కవర్ తొడిగితే చాలు, ఏ మిషనైనా ఎన్నేండ్లైనా ఉంటది."

ఆయన ముఖం వెలిగింది. సేల్స్‌మన్ ముఖం ఆరింది. బయటికి వచ్చేశాం.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నేను కంప్యూటర్ ఆఫీసర్‌ను కాదు. ఉత్తరాల మీద స్టాంపులు అంటించే విభాగంలో గుమాస్తాను. నా సర్వీసు చివరి రెండేళ్లలో మా గదికి ఒక కంప్యూటర్ వచ్చింది. సాయంత్రం అయిదింటికి దాని మీద గుడ్డ కవర్ కప్పడం, పొద్దున తీయడం నా బాధ్యత అని పెద్దసారు ఆర్డర్ రాసిచ్చాడు. కంప్యూటర్ల గురించి ఈ భూమ్మీద నాకు తెలిసిన సంగతి ఒక్కటే, కవర్. అదే చెప్పాను.

కవర్ కూడా నేనే తెచ్చాను. కొత్త దుప్పట్లు పెట్టి అమ్మే మందపాటి ప్లాస్టిక్ సంచి. అందాకా కూతురి లాప్‌టాప్‌తో నెట్టుకొచ్చిన ఆయన, మామూలుది ఒకటి కొని అందులో పెట్టుకున్నాడు.

పురానాపూల్ దగ్గర ఒక పాత ఇంటికి ఆ మిషన్‌తోనే వెళ్లాం. వాటాదారులు ముగ్గురు. అన్న పత్తర్‌గట్టిలో బట్టల వ్యాపారి. తమ్ముడికి గాజుల దుకాణం, అన్న ఎటంటే అటు. మధ్యది చెల్లెలు, యాభై దాటిన మనిషి, ఆ ఇంటి ముందు హాల్లో తూర్పు వైపు చట్రాలు బిగించుకుని బట్ట మీద మగ్గం పని చేస్తుంది, నలుగురు ఆడపిల్లలకు నేర్పిస్తుంది కూడా. పడమర వైపు అన్న బట్టల బేళ్లు పేర్చుకున్నాడు. ఆ బేళ్లు ఏడాదికి ఒక అడుగు చొప్పున తూర్పుకు జరుగుతున్నాయి. అడిగితే, సీజన్ అయిపోగానే తీస్త అంటాడు. అప్పటికే ఆమె రెండు చట్రాలు విప్పి గోడకు ఆనించేసింది. ఆమెకు కావాల్సిందల్లా ఆ హాల్లో ఒక గీత. ఆ గీత మీద ఒక గోడ.

పొద్దున మొదలైంది. వంటగది, వెనక గదులు, మేడ, అన్నీ అయ్యాక సాయంత్రానికి హాలు దగ్గరికి వచ్చాం. అక్కడ గంటసేపు వాదన. చివరికి అన్న స్వయంగా బేళ్ల మధ్య నిలబడి టేపు కొన పట్టుకుని, "సరే, ఈడిదాంక ఆమెది" అని అంకె చదివాడు. చెల్లెలు తూర్పు గోడ దగ్గర రెండో కొన పట్టుకుని అదే అంకె చెప్పింది. నేను పక్కనే నిలబడి ప్రతి అక్షరం విన్నాను.

"అయిపోయింది. రాండ్రి, చేతులు పెట్టుండ్రి" అని పిలిచాడు నక్షా భాయ్.

తమ్ముడు ఫోన్ మాట్లాడుతూ వాకిట్లోకి వెళ్లాడు. అతను వచ్చేలోపు వాన వచ్చింది. మామూలుగా కాదు, దబదబా. వెలుతురు కోసం లాప్‌టాప్‌ను హాలు అంచున పెట్టుకున్నాడాయన. పైన రేకు గొట్టం ఊడి, నీళ్లన్నీ ఒక్క ధారగా దిగాయి.

"కవర్! అన్నా, కవర్!"

నేనే దుప్పటి సంచి మూతి రెండు చేతులా తెరిచి పట్టుకున్నాను. ముందు లాప్‌టాప్ అందులోకి దిగింది. దాని వెనకే వాన దిగింది. నా కవర్ మంచిదే, ఒక్క చుక్క కారలేదు. లోపలికి వచ్చిన నీళ్లను బయటికి పోనివ్వలేదు. చేపను సంచిలో తెచ్చినట్టు ఉంది చూస్తే. స్క్రీన్ ఒకసారి నీలంగా మెరిసి ఆరిపోయింది.

నక్షా భాయ్ ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలు వచ్చి సంచిని ఆయన చేతుల్లోంచి తీసుకుని, వంచి, నీళ్లు పారబోసింది.

దాచనిది తిరిగి రాదని రిపేర్ చేసేవాడు చెప్పేశాడు. పై ఆదివారం నక్షా భాయ్ తన కూతురు లాప్‌టాప్ పట్టుకుని మళ్లీ వెళ్లాడు, నేనూ వెళ్లాను. ఈసారి అన్న టేపు ముట్టుకోలేదు.

"ఒక్కసారి పట్టిన. నీ మిషన్ పోతే నేనేం జెయ్యాలె?"

నాకు అప్పుడు అర్థమైంది. మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆ గీత తనకు ఎంత ఖరీదో అతనికి తెలియదు. ఇప్పుడు తెలుసు. ఎన్ని బేళ్లు తీయాలో ఆ వారం రోజులూ లెక్క పెట్టుకున్నాడు.

చెల్లెలు నా వైపు తిరిగింది. "కాకా, నువ్వు ఈడనే ఉన్నవ్ గద. బయటి మనిషివి నువ్వొక్కనివే. మా అన్న ఆ రోజు ఎంతకు ఒప్పుకున్నడో చెప్పు."

నక్షా భాయ్‌ను ఆమె అడగలేదు. అడిగినా చెప్పడు. కొలిచేవాడు సాక్షి కాకూడదన్నది ఆయన పట్టు.

ఆ కవర్ పాపం నా చేతులకు ఇంకా తడిగా ఉంది. ఆ మనిషికి ఏదో ఒకటి చేయాలనిపించింది. కాబట్టి ఛాతీ విరిచి, మాల్ తూచినట్టు చెప్పాను. "పద్నాలుగు అడుగులు. నా చెవులతోటి విన్న."

అన్న నవ్వాడు. "పద్నాలుగా? పన్నెండు దగ్గర మేడ మెట్లున్నయ్ పెద్దమనిషీ. మెట్లు గూడ ఆమెకే ఇచ్చిన్నా? మరి మేము పైకెట్ల ఎక్కుడు, నిచ్చెనేసుకునా?" తమ్ముడు కూడా నవ్వాడు. "గిట్లనేనా మీ కొలతలన్ని? గీ సాక్షిని పట్టుకోని గద తిరుగుతున్నవ్ నక్షా భాయ్!"

చెల్లెలు నా వైపు ఒకసారి చూసి, వెళ్లి చట్రం ముందు కూర్చుంది. ఆమె ఇప్పుడు అసలు అంకె చెప్పినా ఇక ఎవరూ వినరు. నేను ఆ ఇంట్లో నిజమన్నదే లేకుండా చేశాను.

ఆ అంకె నేను వినలేదు. పక్కనే నిలబడ్డానని పైన రాశాను కదా, అది కూడా అంతే. టేపు లాగుతున్నప్పుడు నేను వంటగదిలో మిర్చి బజ్జీలు తింటున్నాను. వేడిగా ఉన్నాయి, ఆమే వేసింది.

పురానాపూల్ మీద నుంచి ఇద్దరం నడుచుకుంటూ వస్తున్నాం. ఆయన స్కూటర్ నడిపించుకుంటూ వస్తున్నాడు, ఎక్కలేదు. వంతెన సగం దాటాక అన్నాడు.

"అన్నా, నువ్వు చెయ్యని నౌకరీ చేసిన అని చెప్పుకో. ఫికర్ లేదు, ఎవ్వనికి నష్టం లేదు. వినని మాట విన్న అనకు."

"భాయ్, నేను కంప్యూటర్ ఆఫీసర్‌ను..."

"ఎరుకే. మా బావమర్ది మీ ఆఫీసులనే చేసిండు. నీకు కవర్ సాబ్ అని పేరుండెనట గద."

నేను ఆగిపోయాను. "ఎరుకైతే నన్నెందుకడిగినవ్? మూడు వానాకాలాలు నా నెత్తి తిన్నవ్ గదనయ్యా!"

ఆయన వంతెన గోడను కణుపుతో కొట్టాడు, అలవాటుగా. వినలేదు. "ఇంట్ల బిడ్డ కొను అంటది. దోస్తులు కొను అంటరు. కొంటే ఇంకో పన్నెండేండ్లు గిట్లనే తిరగాలె, గీ అన్నదమ్ముల నడుమ. నాకు దిల్ లేదు. ఒక్కడన్న వద్దనేటోడు కావాలె. నువ్వైతే ఏదన్న ఒకటి గట్టిగ చెప్తవ్." స్కూటర్ ముందుకు తోసి, "నా సుస్తి, నా బద్దకం, ఆమె మీద పడ్డది" అన్నాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు ఆయన ఒక్కడే మూసీ దాటి వెళ్లి ఆ డబ్బా కొనుక్కొచ్చాడు. నన్ను అడగలేదు. ఎవరినీ అడగలేదు. ఇరవై నిమిషాల్లో అయిపోయిందట. మూడు వర్షాకాలాలు! నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. హోటల్లో బల్ల మీద పెట్టి మూత తెరిచి కూర్చున్నాడు, బిగుసుకుపోయి.

"పడేసి చూద్దామా?" అన్నాను.

"నక్కో. ముందు ఆ ఇల్లు."

కానీ ఆ ఇంట్లో టేపు పట్టేవాళ్లు లేరు. రెండు నెలలు ప్రతి ఆదివారం ఆయన ఆ డబ్బా పట్టుకుని పురానాపూల్ వెళ్లి, గుమ్మం ముందు అరుగు మీద కూర్చుని వచ్చేవాడు. చెల్లెలు చాయ్ ఇచ్చేది. అన్న కిటికీలోంచి చూసి లోపలికి పోయేవాడు. డబ్బా పగలదు నిజమే. మరి ఆ మనిషిని ఎట్లా వంచాలి? లోపల బేళ్లు ఇంకో జానెడు జరిగాయని నక్షా భాయ్ చెప్పాడు, కొలవకుండానే.

అప్పుడు నేను పత్తర్‌గట్టి వెళ్లాను. పండగ ముందు రోజులు, అన్న దుకాణం నిండా జనం. నేను దుకాణం మధ్యలో నిలబడి గర్జించాను, ఆ గొంతుకు రోడ్డు మీద ఆటోలు ఆగిపోయాయి. లేదు. గల్లా దగ్గరికి వెళ్లి గొణిగాను.

"ఏంది?" అన్నాడతను, బట్ట థాన్ కొలుస్తూ. "వినబడుత లేదు, గట్టిగ చెప్పు."

"నేను అబద్ధం చెప్పిన."

"ఏం అబద్ధం?"

"నేను ఆ రోజు నీ మాట వినలే. పద్నాలుగు అన్నది నా నోట్లకెంచి వచ్చింది. నేను బజ్జీలు తింటున్న. నువ్వు చెప్పిన అంకె నీకు ఎరుకే, మీ చెల్లెకు ఎరుకే. నా అబద్ధం అడ్డం పెట్టుకోని నీ మాట నువ్వే ఎగ్గొడుతున్నవ్."

చీరలు చూస్తున్న ఆడవాళ్లు తలలెత్తారు. ఒకామె, "ఏమైంది సేటూ, చెల్లెకు ఇస్త అన్నది ఇయ్యలేదా?" అని అడిగింది. థాన్ అతని చేతిలో ఆగిపోయింది. మాట మీద అప్పుకు సరుకు తెచ్చి, మాట మీద ఉధారు అమ్మే మనిషి. అతని ముఖం ఎర్రబడింది.

"లొల్లి చెయ్యకు పెద్దమనిషీ. ఐతారం వస్త పో. టేపు పట్టుకుంట."

"తమ్ముడు?"

"వాడు నేనెటంటే అటు."

ఆ ఆదివారం నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. నక్షా భాయ్ గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు గల్లీల నిలబడు అన్నా."

"భాయ్, వీళ్లను తెచ్చిందే నేను!"

"తెచ్చినవ్. బరాబర్. అయినా బయట నిలబడు."

తలుపు దగ్గరగా వేసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మబ్బు పట్టి ఉంది, గొడుగు తెచ్చుకోలేదు. మధ్యాహ్నం నుంచి సన్నగా మొదలైంది. నేను ఎదురింటి సజ్జ కింద గోడకు అంటుకుని నిలబడ్డాను. లోపల టేపు జరిగే చప్పుడు, బేళ్లు లాగే చప్పుడు, ఎవరో తుమ్మారు. వాన పెద్దదైంది. ఆ ఊడిన రేకు గొట్టాన్ని ఎవరూ బాగు చేయించలేదని నాకు అర్థమైంది, నీళ్లు ధారగా దిగి దేని మీదో టపటపా పడుతున్నాయి. రబ్బరు మీద, గట్టి మూత మీద పడే చప్పుడు. కవర్ అని ఎవరూ అరవలేదు. ఎవరూ లేవలేదు. పని ఆగలేదు.

"హాలు" అన్నాడు నక్షా భాయ్. "చెప్పుండ్రి."

అన్న ఏదో మీసంలో అన్నాడు.

"గట్టిగ."

ఈసారి అన్న కోపంగా అన్నాడు, వానలో కలిసిపోయింది.

"ఇగ నువ్వు చెప్పమ్మా."

ఆమె చెప్పింది. నాకు వినబడలేదు.

"గట్టిగ చెప్పు. మీ అన్నకు గాదు, గల్లీలకు వినబడాలె. ఆడొక మనిషి నిలబడ్డడు."

ఆ ఇంట్లోంచి ఆడగొంతు, వీధి చివర దాకా పోయేంత పెద్దగా వచ్చింది.

"పదకొండున్నర!"

పదకొండున్నర అడుగులు. బేటీ అడిగినదానికి నా జవాబు ఇదే, ఇందులో నేనేమీ కలపలేదు.